డెబ్బై రెండు పోగులు

ఇక్కడి గొర్రెలకు ఉన్ని తక్కువ.
మా అత్త దేనగ్ మొదటి ఫిర్యాదు అదే,
ఓడ దిగిన మూడో రోజున.
తుపాను గురించి ఒక్క ముక్క అనలేదు.
మునిగిన రెండో ఓడ గురించీ అనలేదు,
అందులో ఆమె చిన్నకొడుకు ఉన్నాడు.
దారిన పోతున్న మందలో చెయ్యి పెట్టి
ఓ పిల్ల వీపును వేళ్ళ మధ్య నలిపి చూసి
"ఇది జుట్టు, ఉన్ని కాదు" అంది.

ఊరికి పాత ఊరి పేరే పెట్టారు మగవాళ్ళు,
సంజాన్ అని.
పేరుకు బరువు లేదు గనక
ఓడలో సులువుగా వచ్చింది.

రాజుగారి మనుషులు షరతులు చెప్పారు.
కత్తులు దించమన్నారు.
నా భర్త రోజ్‌వెహ్ తనది ఇసుక మీద పెట్టాడు,
మర్నాటి నుంచి కుడిచేతికి ఏం పని చెప్పాలో తెలియక
ఎరువు తెచ్చిన కొడవలితో తాటిమట్టలు నరుకుతూ కూర్చున్నాడు.
పెళ్ళిళ్ళు పొద్దు గుంకాక చేసుకోమన్నారు. సరే.
ఆడవాళ్ళు ఈ దేశపు చీర కట్టాలన్నారు.
జాలరి జీవి వచ్చి నా చుట్టూ తిరిగి తిరిగి కట్టింది,
నవ్వాపుకోలేక రెండుసార్లు కుచ్చెళ్ళు జార్చింది.
ఆఖరున, మాట ఇమ్మన్నారు.
ఇచ్చాం.
ఇచ్చింది ఏ మాటో
ఇంటికొచ్చి పిల్లవాణ్ణి అన్నానికి పిలవబోతే గాని
తెలియలేదు.

చీర కింద, చొక్కా మీద,
నడుముకు మూడు చుట్లు తిరిగిన మా నడికట్టు గురించి
ఎవరూ ఏమీ అడగలేదు.

విందాద్‌కు ఏడేళ్ళు నిండాయి.
వాడికి నడికట్టు కట్టాలి.
డెబ్బై రెండు పోగులు, ఒక్కటి తగ్గినా కుదరదు.
కొండల మీదుగా ఖొరాసాన్‌కు నడిచి వెళ్ళిన ఇద్దరు
అగ్నిని ప్రతిష్ఠించే సామగ్రితో ఎప్పుడొస్తారో,
వస్తే ఉన్ని తెస్తారో లేదో.
దేనగ్ ఎదురు చూడలేదు.
నిషాపూర్‌లో తన పెళ్ళికి కప్పిన శాలువా తీసి
ఓ మూల కొరికి, విప్పడం మొదలుపెట్టింది.
నలభై తొమ్మిది పోగులకు శాలువా అయిపోయింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే
మందలు దాటిన దారిలో
తుమ్మముళ్ళకు చిక్కిన ఉన్ని ఏరుకొచ్చేది.
గొర్రెలకాపరి చూసి నవ్వాడు కొన్నాళ్ళు.
తర్వాత నవ్వడం మానేశాడు.
చలికాలపు పిల్లను ఒకదాన్ని తోలుకొచ్చి
మా గుమ్మం ముందు పట్టుకు నిలబడ్డాడు,
కత్తిరించుకో అన్నట్టు.

ఇరవై మూడు పోగులు ఈ నేలవి.
కాస్త బూడిద రంగు, కాస్త మొండి.
మోబెద్ మాహ్‌యార్ వేలితో తడుముతూ లెక్కపెట్టాడు,
రంగు మారిన చోట వేలు ఆగింది.
ఏమీ అనకుండా తిరిగిచ్చాడు.

వానలు మొదలైన వారానికి దేనగ్ పోయింది.
మాకింకా రాతి గోపురం లేదు.
శవాన్ని కుక్క చూడాలి,
కళ్ళ పైన రెండు మచ్చలున్న కుక్క.
అలాంటిది ఊళ్ళో ఒక్కటే, జీవి వాళ్ళది,
ఎండుచేపల దొంగ.
జీవి దాని మెడ పట్టుకు తీసుకొచ్చింది,
వానలో తడుస్తూ వాకిట్లోనే ఆగిపోయింది.
కుక్క మాత్రం లోపలికెళ్ళి
మా అత్తను అంత శ్రద్ధగా చూసింది,
ఎప్పటినుంచో ఎరిగినట్టు.

బోడిగుట్ట మీద వదిలి వచ్చాం.
ఈ దేశపు రాబందులకు మా ఆచారం ఎవరు చెప్పారో,
మధ్యాహ్నానికల్లా వాన తెరిపిచ్చింది,
వచ్చాయి.

నెల తర్వాత విందాద్ దీపం ముందు నిలబడ్డాడు.
పాత భాషలో ప్రార్థన తప్పులేకుండా చెప్పాడు,
అర్థం అడిగితే చెప్పలేడు.
మొదటి ముడి ముందు, రెండో ముడి వెనక.
నా వైపు తిరిగి, నడుము గోక్కుంటూ,
"గుచ్చుకుంటోందమ్మా" అన్నాడు.

ఆ ఒక్క మాట
జీవి కూతురు మాట్లాడే భాషలో.