అరవై ఒక్క రోజులు

మంగళవారం మంగళవారం
పెదవాల్తేరు సందు చివర కొట్లో
ఆరు డజన్ల గుడ్లు కొంటాను.
ఇంట్లో ఎంతమంది తల్లీ, అంటాడు కొట్టు సోంబాబు.
లెక్క తెలీదు బాబాయ్,
ఒకటి రెండవడానికే రోజు పట్టే బాపతు, అంటాను.
నవ్వేసి చిల్లర ఇస్తాడు.

సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి పగలగొడతాను.
పచ్చరంగూ గ్లిజరినూ కలిపి
గాజు గొట్టాల్లో పోసి, ఏటవాలుగా పడుకోబెట్టి
వేడి పెడితే
జున్నులా గట్టిపడుతుంది.
క్షయ పురుగు తినే కూడు ఇదే.
చంపాలంటే ముందు పెంచాలి.
ఈ మాట మా అత్తగారికి నచ్చదు.

గరికిన ఎల్లాజీ ఏప్రిల్ పదహారున వచ్చాడు.
ముందురోజు నుంచే వేట బందు.
హార్బర్‌లో బోట్లన్నీ
భుజాలు రాసుకుంటూ కట్టేసి ఉన్నాయి.
ఖాళీ దొరికింది కదాని దగ్గు చూపించుకోడానికొచ్చాడు,
రెండోసారి.
మొదటిసారి మూడు నెలలు మింగి
ఒంటికి ఎర్రగా వస్తోందని భయపడి,
ఒంట్లో బాగుందని ధైర్యపడి మానేశాడు.
భయమూ ధైర్యమూ కలిసి ఒకే పని చేశాయి.

డబ్బాలో కళ్ళె ఇచ్చాడు. మూత మీద 113 అని రాశాను.
మా పరిశోధనలో పేర్లుండవు.
గాజుపలక మీద పూసి, ఎర్రరంగు పోసి, కింద మంట చూపించాను.
యాసిడ్‌తో కడిగాను. నీలం దిద్దాను.
అన్నీ ఎరుపు వదిలేశాయి, అవి తప్ప.
నీలం నీళ్ళలో బోల్తాపడ్డ తెప్పల్లా
మూడు, నాలుగు, పదకొండు,
ఇక లెక్కపెట్టలేదు.

రెండు గంటల్లో మిషను ఒక్క మందు సంగతి చెప్పింది,
ఇతనికది ఇక పనిచేయదని.
కొత్త మాత్రలు ఆ వారమే మొదలుపెట్టారు.
మిగతా మందుల మాట గుడ్డు గొట్టాలే చెప్పాలి.
"ఎన్నాళ్ళమ్మా?"
"ఎనిమిది వారాలు. ఆ పురుగు నెమ్మది."
వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు.
"అయితే ఆటికీ ఏట నిసేదమేనన్నమాట.
గుడ్లెట్టీ కాలం. ముట్టుకోకూడదు."

మే నెల. బయటి ఎండా, మా పెట్టెలో వేడీ,
మనిషి ఒంట్లో వెచ్చనా
అన్నీ ముప్పై ఏడు.
ఒక రాత్రి గాలివాన కొట్టి కరెంటు పోయింది.
ఎంవీపీ కాలనీ నుంచి ఆటోలో, తడిసి,
జనరేటర్ మనిషిని నిద్రలేపి తిట్టి,
పదకొండున్నరకి నేను
పురుగులకి చలేస్తుందేమోనని
పరుగెత్తిన సంగతి ఎవరికి చెప్పను?

నాలుగోవారం, మందు లేని గొట్టంలో
ఉప్మారవ్వ చిందినట్టు మొదటి పలుకులు.
మందు కలిపిన అయిదింట్లో
ఒకదాంట్లో కూడా అదే రవ్వ.
మిగిలిన నాలుగూ ఉత్త పచ్చదనం.
వారం వారం లైటు కింద తిప్పి తిప్పి చూశాను.
ఏమీ లేదు అని రాయడానికి
ఎంతసేపు చూడాలో!

జూన్ పద్నాలుగు అర్ధరాత్రి
బోట్లు లైట్లేసుకుని కదిలాయట.
ఎల్లాజీ జెట్టీ మీదే ఉండిపోయాడు.
"ఆరుగురం ఒకే కేబిన్‌లో తొంగుంటాం కదమ్మా,"
అన్నాడు మర్నాడు, నేనడక్కుండానే.
మందుల సంచీ చంకలో ఉంది.
కళ్ళు రాత్రంతా మేలుకున్నట్టున్నాయి.

117 రావడం మానేసింది.
ఆమె ఫోను కంచరపాలెంలో ఎవరో ఎత్తి
ఇక్కడ లేదంటారు.

చలి మొదలయ్యాక ఒక పొద్దున
113 పలక వంద చూపుల దాకా వెతికాను.
నీలం. అంతా నీలం.
ఒక్క తెప్పా లేదు.
ఒకసారి నవ్వి, మళ్ళీ మొదటినుంచి చూశాను.
తలుపు దగ్గర నిలబడి అన్నాడు:
"కాళీ వల సూసి నవ్వీ మడిసిని
నిన్నే సూసేనమ్మా."

రిజిస్టర్‌లో అతని గడి నింపి
దాని కిందివీ నింపి,
117 దగ్గర పెన్ను కాసేపు ఆగింది.
రేపు మంగళవారం.
గుడ్డు ఏడు రూపాయలైందట.