మూలం అనే గడి

గుంటూరు మిర్చి యార్డు గాలికి తుమ్ముతూనే
ఆకులు కోశాను,
ఐసు పెట్టె స్కూటరు ముందు పెట్టుకుని.
మూడిళ్లు, మూడు ద్రాక్ష తీగలు.

లాలాపేటలో ప్లీడరు గారి మనవడు పార్థసారథి
"కాబూలీవాడి కేసు గెలిపిస్తే
మా తాతకు ఫీజు కింద ఇచ్చిన మొక్క" అన్నాడు
కాఫీ అందిస్తూ, పక్కింటి వైపు చూడకుండా.

పక్కింటి మస్తాన్ బీ ఏ కథా చెప్పలేదు.
"చీడ లేని ఆకు చూసి కోసుకో తల్లీ" అంది.

మిషను కాంపౌండులో రిటైరైన నర్సు ఎస్తేరమ్మ
"దొరసాని తడిగుడ్డలో చుట్టి ఓడలో తెచ్చింది" అని
ఓడ పేరు కూడా చెప్పబోయి
మర్చిపోయింది.

ల్యాబులో ఆకు మాట్లాడదు.
నత్రజని పొగలో గాజులా బిగుసుకుంటుంది,
రోకలి తగిలితే పచ్చని పిండి.
తొమ్మిది చోట్ల కొలిచాను.
తొమ్మిదింటా మూడూ ఒకటే.
అక్కచెల్లెళ్లు కావు, తల్లీబిడ్డలు కావు,
ఒకే తీగ మూడు గోడలెక్కింది.
నా చేతుల్లోనే తారుమారైందేమోనని
మళ్లీ కోశాను, మళ్లీ నూరాను.
అవే అంకెలు.
మా జాబితాలో దాని తల్లి లేదు, తండ్రి లేడు.

పార్థసారథి కాగితం నాలుగు మడతలు పెట్టి
"మిషన్లు కూడా పొరబడతాయి లెండి" అన్నాడు.
ఈసారి కాఫీ రాలేదు.

మస్తాన్ బీ నవ్వుకి
పందిరి మీది పిచ్చుకలు లేచిపోయాయి.
"వాళ్ల నాయనమ్మకి వేవిళ్లు.
పులుపు పులుపు అని ఒకటే ఏడుపు.
మా ఇంటి నీళ్లు ముట్టరు గదా,
పొద్దుగూకాక గోడ మీంచి మా అత్త
గుత్తులందించేది.
చివరికి విసుగొచ్చి పుల్లే విరిచిచ్చింది,
ఈ కాన్పుకి కాకపోతే మలి కాన్పుకి కాస్తుంది పో అని.
పురుడు పోయడానికొచ్చిన నర్సమ్మ
ఇంకో పుల్ల సంచిలో వేసుకుపోయింది."

మరి మీ ఇంటికో, అన్నాను.

"కట్టెల మోపులో వచ్చింది.
పొయ్యిలో పెడితే మండలా, పొగే.
తిట్టి దొడ్లోకి విసిరితే
లేచి కూచుంది."

ఫారంలో 'మూలం' అనే గడి ఉంది.
అందులో పొగ అని రాయలేను.
ఖాళీగా వదిలాను.

వచ్చేటప్పుడు దోసిట్లో ఓ గుత్తి పెట్టింది.
పళ్లు పులిసిపోయాయి.
గింజ మురిక్కాలవ గట్టున ఊశాను.

పుల్ల నాటితే పాతదే మళ్లీ లేస్తుంది.
గింజ అలా కాదు,
అది మొలిస్తే గనక
ఈ మూడిళ్లలో దేనితోనూ
పూర్తిగా కలవదు.