మెడవెనక చీటీ

వలలో ఈసారి కానాగంతల మధ్య
ఒక చొక్కా మెడ పడింది.
చేతుల్లేవు, వీపు లేదు,
బొత్తాలు ఎక్కడ రాలాయో.
మెడవెనక చీటీ మాత్రం
నిన్న కుట్టినట్టే ఉంది.

అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు
నేను కుట్టింది అలాంటి చీటీలే.
నాలుగో లైను, పదిహేడో మిషను,
గంటకి నూట ఇరవై మెడలు.
ఎస్సంటే సన్నం, ఎల్లంటే లావు,
నా ఇంగ్లీషు అంతవరకే వచ్చి ఆగింది.
చీకట్లో కంపెనీ బస్సు, మళ్ళీ చీకట్లో కంపెనీ బస్సు,
నడుమ ఎవరెవరివో మెడలు.
గోడవతల కత్తిరింపులు తగలబెట్టేవారు.
పొగ గులాబిరంగులో ఉందంటే
సూపర్‌వైజరు నవ్వాడు.

ఇప్పుడు పెదజాలరిపేటలో
రేషను డిపో పక్కగది నాది.
కాలుమిషను ఒకటి,
కంచరపాలెం పాతసామాన్లవాడి దగ్గర
కిలోల్లెక్కన కొన్న పీలికలు నాలుగు గోనెలు.
బేరాలయ్యాక మధ్యాహ్నం వస్తారు వాళ్ళు,
గంపలు గుమ్మంలో బోర్లించి.
చిరిగిన చీర సంచవుతుంది.
రెండు లుంగీలు కలిస్తే ఒక దుప్పటి.
ఎవరి మూట ఎవరిదో పోల్చుకోడానికి
మూటకో అక్షరం పీలికతో కుట్టేదాన్ని.
నా గుర్తుకే.
ఎవరికో చదువు చెబుదామని కాదు.

మైలపల్లి పోలమ్మ దాన్ని వేలితో తడిమింది.
"ఇదేటే, గాలంలాగుంది?"
నీ పేరులో మొదటిది, అన్నాను. పో.
ఆమె చెయ్యి తీసేసింది.

"సిన్నప్పుడు బడికాడికెల్తే
పంతులు ఈ మాటే అన్నాడు,
నీసు వాసనొస్తన్నానని.
నా పేర్లోనే ఉందేటి అది?"

సూదిలో దారం ఎక్కనట్టు
కాసేపు తలొంచుకున్నాను.
తర్వాత ఆకుపచ్చ పీలికతో ల,
పసుపుదానితో మ్మ.
పడవకి కట్టిన తెప్పలా
పెద్ద మ కింద చిన్న మ.
చాలాసేపు చూసింది.
"ఇప్పుడు పొమ్మన్నట్టు లేదు."

మర్నాడు కట్టుడుచీరే పట్టుకొచ్చింది,
చెంగుమీద కుట్టమని.
ఇక్కడో చిక్కు.
చూసేవాళ్ళకి తిన్నగా కుడితే
కట్టుకున్నదానికి తలకిందులు.
"ఊరోల్లకెందుకే నా పేరు? నాకగుపడాల."
తిప్పి కుట్టాను.

అలా పేటలో పద్నాలుగు చెంగులు
ఎదుటివాళ్ళకి తలకిందులుగా తిరిగాయి,
డబ్బులు ముడేసుకునే చోట అక్షరం.
రెండు ఉప్పునీళ్ళకి ఊడిపోయాయి.
గరికిన సింహాలు తనది తనే విప్పేసుకుంది,
మొగుడు ఎగతాళి చేశాడట.
మళ్ళీ నా గదికి రాలేదు.
దారిలో కనిపిస్తే గంప ఇటువైపుకి మార్చుకుంటుంది.

బీచిరోడ్డు ప్రదర్శనలో ఒకావిడ
బ్రాండేదో చూద్దామని సంచి లోపలికి తిప్పింది.
మా చీటీ దొరికింది.

చీర పోలమ్మది. ఆరేళ్ళు కట్టింది.
కుట్టింది వరహాలు. రెండు పూటలు పట్టింది.

చదివి, ఏమనుకుందో,
తన కుర్తా మెడవెనక్కి చెయ్యి పోనిచ్చి
ఏదో వెతుక్కున్నట్టు తడుముకుంది.
సంచి కొనలేదు.

సముద్రం ఇచ్చిన ఆ మెడ
మిషను పక్కన మేకుకి వేలాడుతోంది.
అది నేను కుట్టిందే కావచ్చు, కాకపోవచ్చు,
కుట్టు ఎవరిదైనా ఒకేలా ఉండాలనే కదా
మమ్మల్ని అక్కడ తిట్టేది.
నిన్న పోలమ్మ దాన్ని కిందికి దింపింది.
కూడబలుక్కుందామని ఇద్దరం కూచున్నాం,
నాకూ రాలేదు, తనకీ రాలేదు.
ఇంటరు చదివే నవ్యశ్రీని కేకేశాం.

"కుట్టినోల్ల పేరుందేటే?"
లేదు పిన్నీ.
"తొడిగినోల్లది?"
లేదు.
"మరేటుంది ఇంత సిన్న గుడ్డలో, ఇన్ని గీతలు?"

నవ్యశ్రీ వెలుతురుకి పట్టి చదివింది.
చల్లటి నీళ్ళలో ఉతకాలంట.

పోలమ్మ గుమ్మంలోంచి
అలలకేసి చూసింది.
"ఉతికీసింది గదే."