టార్చ్ పట్టుకునే మనిషి

కొండ మీది ఈ క్లినిక్‌లో కరెంటు చుట్టం లాంటిది,
వచ్చిందా, వచ్చింది.
అందుకని నర్సు లిఖఫా నన్ను పనిలో పెట్టుకుంది.
టార్చ్ పట్టుకోవాలి.
కదలకుండా, మాట్లాడకుండా, మొహం చూడకుండా.

లెసోతోలో జూన్ అంటే మంచు.
బయట గుర్రాలు పొగలు కక్కుతూ నిలబడతాయి.
లోపల ఆడవాళ్లు దుప్పట్లు విప్పరు,
పైకి మడుస్తారు, అంతే.

దూదిపుల్లకి వెనిగర్.
ఆ తర్వాత ఒక్క నిమిషం ఆగాలి.
తెల్లబడితే ఒక కథ, లేకపోతే ఇంకో కథ.
ఆ నిమిషం ఎవరిది వాళ్లదే.

ముప్పై రెండేళ్ల కెనెవె
గనిలోంచి మొగుడు పంపాల్సిన డబ్బు పైకే లెక్కేసింది.
రెండుసార్లు తప్పింది.

నలభై నాలుగేళ్ల ఇంకొకామె, పేరు చెప్పను,
"బస్టాండులో చిప్స్ వాసనొస్తోంది" అని నవ్వింది.
తెల్లబడింది.
"ఇవాళే కాల్చేస్తా, మళ్లీ కొండెక్కే పని లేదు" అంది నర్సు.
ఆమె ఏడవలేదు.
గుర్రానికి గడ్డేసి వస్తానంది. వచ్చింది.

ఆమె కూతురు సెబొలెలో గుమ్మంలో నిలబడి
స్కూల్లో సూది పొడిచిన చెయ్యి
అడగని వాళ్లకి కూడా చూపించింది.

మ్మతుమెలోకి అరవై ఒకటో, అరవై మూడో.
తొమ్మిదిమంది బయటికి నడిచిన వాకిలి,
ఇన్నేళ్లలో ఒక్కరూ దీపం పెట్టి చూసింది లేదు.
ఈ వయసులో వెనిగర్‌కి ఏదీ సరిగ్గా చిక్కదట.
నర్సు బ్రష్‌తో తుడిచి సీసాలో వేసింది.
మోటారుసైకిలు మీద పట్నం వెళ్తుందంది.
"పాపం, దానికి చలెయ్యదూ?" అంది ముసలమ్మ,
మూతకి తన తలగుడ్డ చుట్టబోతూ.

సాయంత్రం నర్సు నా వైపు తిరిగింది.
"ముప్పై నిండాలి కదా, నాకింకా ఇరవై ఐదే" అన్నాను.
రోజూ రాత్రి రేడియోలో వార్తల వేళకి
నేను మింగే మాత్ర సంగతి ఆమెకి తెలుసు.
"ఆ మాత్ర వేసుకునేవాళ్లకి వయసు ముందే వస్తుంది.
ఎక్కు."

మరి టార్చ్?

గుర్రం దాకా వెళ్లిన మ్మతుమెలో వెనక్కొచ్చింది.
చేతి వణుకు ముందు, వెలుగు వెనక.
నా మోకాలు, రేకుల కప్పు, మళ్లీ నేను.
"మొహం చూడకూడదు" అన్నాను.
మొహమే చూస్తోంది.

వెనిగర్ ఎంత చల్లనో ఎవరూ నాకు చెప్పలేదు.
ఇందరి నిమిషాలకి వెలుగు పట్టినదాన్ని,
నా నిమిషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
ముసలమ్మ వేళ్ల మీద లెక్కపెడుతోంది,
చిటికెన వేలు నుంచి.

బయట గుర్రం తుమ్మింది.
లెక్క తప్పింది.
మళ్లీ ఒకటి.