వళ్లియమ్మ గమ్మునుంది

గ్రీమ్స్‌పేట మున్సిపల్ బడి ఆవరణలో
ఆరు కొట్టకముందే నా మొదటి పని,
షామియానా కొట్టువాళ్ల పద్దెనిమిది కుర్చీల్లో
ఒక్కోదాంట్లో కూర్చుని ఊపి చూడటం.
కాలు ఊగేదానికి సుద్దముక్కతో గీత గీసి
పక్కకి జరుపుతాను. అది నాది.

తర్వాత నేల.
మంచు పడ్డ బండలు జారతాయని
చీపురుతో ఒకసారి, ఉత్త కాలితో ఒకసారి.

వాళ్లొస్తారు.
చిత్తూరు బెల్లం మండీలో నలభై ఏళ్లు తూకమేసిన మునిరత్నం,
మనవడి పాత బూట్లలో ఖుర్షీద్ బీ,
రిటైరైనా జేబులో విజిల్ తడుముకునే చెంగల్రాయులు.
గుక్కెడు రాగిజావైనా పడిందా లోపలికి?
మాత్ర మారిందా? రాత్రి లేస్తే తల తిరిగిందా?
"పోలీసోళ్ల మాదిరి అడగతావే మ్మే!"
అడగతా.

ఈ క్లాసులో మాటలే నాకు గడియారం.
చేతులెత్తి దించుతూ
చింతపండు ధర చెప్పగలిగితే
వేగం సరిపోయినట్టు.
ధర సగంలో తెగి ఊపిరి మాత్రమే వినబడితే
నా అంకెలు సాగుతాయి,
ఒక...టీ, రెం...డూ.

అందరికంటే పెద్ద గడియారం వళ్లియమ్మ.
కుళాయి నీళ్లు రాని వారం,
వాళ్ల వీధి కుక్క ఈనిన ఎనిమిది పిల్లలు,
ఏ పిల్ల ఎవరింటికి పోయిందో సహా.
ఆ గొంతు వెనక వరసలో ఉన్నంతసేపు
అటు తిరిగి చూడను నేను.

నిన్న, ఒంటికాలి మీద నిలబడే వేళ
ఆ మూల చప్పుడు లేదు.

"అందరూ కూర్చోండి!"
కుర్చీల సందుల్లో దూరి పోయేసరికి
ఆమె నిలబడే ఉంది.
ఎడమ పాదం జానెడు పైన,
కుర్చీ వీపు మీద రెండు వేళ్లు
ఆనినట్టూ ఆననట్టూ,
చూపు గోడ మీది గుణింతంలో దిగేసి.

పాదం దించాక అంది:
"మాట్లాడితే పడిపోతానేమోనని
గమ్మునుండాను మ్మే."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు,
కాళ్లు వణికి, గీత గీసిన కుర్చీలోనే కూలబడ్డాను.
చేయి వదలొద్దని కేకలేశాను.
కేకలేస్తూనే,
ఎన్ని అంకెలు నిలబడిందో
లెక్కపెట్టలేదే అని లోపల ఒకటే దిగులు.

"పద్నాలుగు" అన్నాడు మునిరత్నం,
తూకం చీటీ రాసిచ్చినట్టు.

రేపట్నుంచి నా ముందు వరసకి రా వళ్లియమ్మా, అన్నాను.
"మాట్లాడొచ్చునా?"
రెండు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడు.