నలభై రెండో గుండు

ఫ్లెక్సీలొచ్చి నా కుంచెలు ఎండిపోయిన ఏడు
ఫిరంగిపురం అవతల ఒక కొండకి
నంబర్లు వేసే పని దొరికింది.
కొండకి నంబర్లేంటని నవ్వకండి,
అమ్మేముందు దేనికైనా వేస్తారు.
గుండుకి పదిహేను రూపాయలు,
రంగు వాళ్లది, నిచ్చెన నాది.

అంతకుముందు బ్రాడీపేటలో
సగం మంది డాక్టర్ల పేర్లు రాసినవాణ్ణి.
'ళ' మెలిక నాలా తిప్పేవాడు
మిర్చి యార్డు నుంచి మూడు వంతెనల దాకా లేడని
మా మేస్త్రి అనేవాడు,
తాగినప్పుడు మాత్రమే.

ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి.
ఎండకి ఎనామిల్ డబ్బాలోనే మీగడ కడుతోంది.
నలభై రెండో గుండు ముందుకి వంగి
చూరులా నీడ పరిచింది. దూరాను.
నాలుగు వేశాను. రెండు తోక లాగుతుంటే
కుంచె కింద ఒక డెక్క.

డెక్క పైన కాలు. కాలు పైన మూపురం.
ఎద్దు.
దాని వెనక ఇంకో ఎద్దు, ఆ వెనక
పుల్లల్లాంటి మనుషులు ఏడుగురు
చేతులు చేతులు పట్టుకుని
ఎటో పోతూ, లేదా ఎటూ పోకుండా.
ఒకడికి తల పెచ్చూడిపోయింది.
అయినా ఆట మానలేదు.

రంగువాణ్ణి కదా, ముందు రంగు చూశాను.
జాజు. మా అమ్మ అరుగుకి పూసే జాజే.
దేంట్లో కలిపారో, బంకో కొవ్వో ఉమ్మో.
నా డబ్బా మీద మూడేళ్ల గ్యారంటీ ఉంది,
దీని మీద ఏమీ రాసి లేదు.
గీత మొదట్లో లావు, చివర్లో సన్నం.
ఊపిరి బిగబట్టి లాగినవాడి గీత అది.
మూపురం వంపు దగ్గర చెయ్యి తిరగేశాడు,
నేను 'ళ' దగ్గర తిరగేసినట్టే.

ఈలోగా నా ఎర్ర రెండు కారి
డెక్క మీదికి దిగుతోంది.
గుడ్డ తీసి కిరసనాయిలులో తడిపాను.

"తుడవబాకయ్యా."
ఎప్పుడొచ్చిందో, వెనక ఒక ముసలామె.
భుజాన ఎలుక బొరియలకి పొగబెట్టే కుండ, చేతిలో గడ్డపలుగు.
ఏకొల్లు చెంచులమ్మ అని తర్వాత తెలిసింది.
"నీది తుడిస్తే దానిదీ లేచిపోద్ది."

ఎవరు గీశారమ్మా?
"ఎవురు గీత్తారు? ఉండారు."
దేవుళ్లా?
"దేవుళ్లు కాదు. ముందోళ్లు."
బిడ్డ పుట్టినా, మనిషి పోయినా,
కోతల్లో తొలి ఎలుక దొరికినా
ఇక్కడికొచ్చి ఒక మాట చెప్పి పోతారట.
ఏం చెప్తారు?
"ఇట్టా అయిందని చెప్తాం."

ఆ బోడిగుండు వాన నడిగే చోటంది.
ఆ చీలిక పామమ్మదంది.
తంగేడు పొదల కింద మావోళ్లు పడుకున్నారంది.
నేను పుస్తకం తీసి చూశాను.
బోడిగుండు పదిహేడు.
చీలిక ఇరవై మూడు.
పడుకున్నవాళ్లకి నంబరు లేదు,
అక్కడ లారీల దారి.

మరి నా తప్పు? నాలుగూ, సగం రెండూ?
ఆమె దగ్గరికెళ్లి చూసింది, చాలాసేపు,
బోర్డు బాగా కుదిరిందో లేదో చూసే షావుకారులా.
"ఉండనీ. నువ్వూ వచ్చినట్టు తెలుస్తది."

సాయంత్రం సూపర్‌వైజర్ లెక్క చూశాడు.
నలభై ఒకటి తర్వాత నలభై మూడు.
"నలభై రెండేదిరా?"
"నాచండీ, రంగు పట్టలేదు."
పదిహేను రూపాయలు కోసుకున్నాడు.

గొప్ప పని చేశానని చెప్పుకోను.
నంబరు లేని రాయికి మందు కూరరని
చట్టమేం లేదు.
పదిహేడు ఉగాదికి ముందే పోయింది.
దాని అంకెలకి నీడ కూడా ఇచ్చాను,
అలవాటు కొద్దీ, బోర్డుకిచ్చినట్టు.

ఇప్పుడు నరసరావుపేట బస్సెక్కితే
కిటికీ పక్కనే కూర్చుంటాను.
దుమ్ములో ఒక్కోసారి ఆ చూరు కనిపిస్తుంది,
ఒక్కోసారి దుమ్మే కనిపిస్తుంది.
చెప్పులు సీటు కిందికి తోసి
నోట్లోనే అంటాను, ఇట్టా అయింది.
నన్నేదో అడిగాననుకుని
కండక్టరు వంగి
"ఎక్కడికి?" అంటాడు.