పదకొండు ఖానాల నీడ

శనివారం మధ్యాహ్నం రెండింటికి
మాల్యాద్రి కారు స్టార్టయింది, మూడోసారికి.
వెనక సీట్లో వాళ్ళత్త తిరుపాలమ్మ,
ఒళ్ళో మజ్జిగ సీసా, కాళ్ళ కింద చుట్టిన ఈతచాప.
చాప ఎందుకమ్మా అంటే
"వంతెనకి" అంది,
పురిటింటికి చీర తీసుకుపోతున్నట్టు.

ఒంగోలు దాటాక రోడ్డు ఉడుకుతోంది.
టంగుటూరు దగ్గర పొగాకు బ్యారన్ల మీద
ఈ ఏటికి పని ముగిసిన నిశ్శబ్దం.
సింగరాయకొండలో చెరుకు రసం తాగాం,
ఐసు వద్దంది ఆమె,
ఆమె ఐసు కూడా వేయించుకున్నాడు వీడు.
తర్వాత కందుకూరు దారి,
అది వదిలి సుబాబుల్ తోటల మధ్య సన్నటి తారు,
ఆ తారు కూడా వదిలి
ఫోను చూపించని మలుపు.
"కుడిపక్కకి తిప్పు నాయనా,
నా మోకాలికి తెలుస్తా ఉండాది."

మన్నేటి మీద ఆ వంతెనకి ఇప్పుడు పని లేదు.
పక్కనే కొత్తది, తెల్లగా, లారీల కోసం.
పాతది పదకొండు ఖానాల రాతికట్టు,
రెండు చివర్లా అడ్డంగా పాతిన సిమెంటు దిమ్మెలు.
కింద నీళ్ళుండవు,
ఇసుకలో సగం ఒంగోల్లో ఇళ్ళయింది.
వైశాఖంలో ఒక రాత్రీ ఒక పూటా
దానికి పైకప్పు వేస్తారు,
ఈ ఒడ్డునించి ఆ ఒడ్డు దాకా,
తాటాకు, కొబ్బరి మట్టలు, ఇంటికో చాప.
చాప లేనోళ్ళు పాత ఫ్లెక్సీ.
అట్లా ఏడో ఖానా మీద
ఓడిపోయిన అభ్యర్థి ఒకాయన
ఆకాశం బదులు తలకిందులుగా నవ్వుతున్నాడు.

వంతెన కట్టేటప్పుడు ఒక కూలిమనిషికి
మిట్టమధ్యాహ్నం, ఆ రాళ్ళ మీదే, నొప్పులొచ్చాయట.
మేస్త్రీ పని ఆపించి తాటాకులు కప్పించాడట.
తొలి నీడ అది.
ఆ మనిషెవరని అడిగాను,
అడక్కుండా ఉండాల్సింది.

మూడో ఖానా దగ్గర ముంజెలు కోస్తున్న జాలమ్మ
"నేనే" అంది.
ఆరో ఖానా దగ్గర చుట్ట కాలుస్తున్న ముసలామె
కొడుకుని చూపించింది, నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి,
మైకు సెట్టుకి వైర్లు చుడుతున్నాడు.
"పుట్టినోడు వీడే. ఇప్పటికీ ఎండ పడదు."
అవతలి ఒడ్డునించి వచ్చిన హుసేనమ్మ
వాళ్ళిద్దరూ అబద్ధాలకోర్లని అల్లా మీద ఒట్టేసి
ఇద్దరికీ చెరో తమలపాకు చుట్టి ఇచ్చింది.

తిరుపాలమ్మ ఏమీ అనలేదు.
తొమ్మిదో ఖానా పిట్టగోడలో ఒక రాయి వెతికి
అరచేత్తో తుడిచింది.
మాల్యాద్రి భుజాలెక్కి నేను చాప కడుతుంటే
"ఇంకొంచెం పడమటికి, ఇంకొంచెం" అంటూనే ఉంది.
వాడు దించాక నా చెవిలో అన్నాడు:
"మా ఆవిడ పుట్టింది కనిగిరి ఆస్పత్రిలో,
సర్టిఫికెట్టు చూశాను."
బీడీ సగం అయ్యాక
"ముందొకడు పుట్టి పోయాడంట" అన్నాడు.

రాత్రి ఎవరూ వంతెన దాటలేదు.
రెండూళ్ళూ నడిమిట్లో కూర్చున్నాయి.
బోరు తగాదాలో కోర్టుకెక్కిన ఇద్దరు
ఒకే ప్లేట్లో పునుగులు తింటున్నారు,
సోమవారం వాయిదా ఉందట,
లాయరు ఖర్చుల గురించి ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.
నాకు నిద్ర పట్టలేదు.
నడుం కింద రాయి ఇంకా వేడిగా ఉంది.
గాలొచ్చినప్పుడల్లా తాటాకు గలగలా మాట్లాడి
గాలి పోయాక కూడా కాసేపు గొణిగేది.

పొద్దున అందరం చారల మనుషులం,
మొహాల మీద ఎండ, నీడ, ఎండ.
మధ్యాహ్నం ఒక పిల్లాడు పళ్ళెం మోగించగానే విప్పేశారు.
పావుగంటలో ఆకాశం వచ్చి వంతెన మీద పడింది.
తాటాకులు పాకలకి, మట్టలు పొయ్యిలోకి,
అభ్యర్థి మేకల దొడ్డి మీదకి.

తిరుగుదారిలో ఎండ ఎడమపక్కకి మళ్ళింది.
తిరుపాలమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతోంది,
చాప మళ్ళీ కాళ్ళ కింద.
కారు కాగితాలున్న అట్ట తీసి
ముందు సీట్లోంచి చెయ్యి వెనక్కి చాపి
ఆమె వైపు అద్దానికి అడ్డం పెట్టాను.
టంగుటూరు టోల్ గేటు దాకా భుజం లాగింది.
మాల్యాద్రి చూశాడు,
చూసి, రేడియో తగ్గించాడు.